సెలవు చీటీలో లేని పేరు

ఆటోనగర్, గాజువాక
ఫిబ్రవరి 8

ప్రియమైన కీర్తనమ్మకి,

గౌరీశ్వరి నమస్కారాలు. మీరు నన్ను చూడలేదు. మీ నాన్నగారు శివరామకృష్ణ గారు స్టోర్ ఆఫీసరుగా ఉన్న వర్క్‌షాపులోనే నేను గ్రైండింగ్ పనిలో ఉన్నాను. పద్నాలుగేళ్లయింది. మాది తగరపువలస పక్క పల్లె. పదో తరగతి దాకా చదివాను. నా మాట మా ఊరిదే గానీ రాత మాత్రం మేష్టారు నేర్పినట్టే రాస్తాను.

మే నెలలో స్టోరులోకి అసిస్టెంట్లని తీసుకుంటారట. బయటివాళ్లని కాదు, మాలోంచే. చిన్న పరీక్ష పెడతారు. సామానుకి కట్టిన ట్యాగులు చదవాలి, రిజిస్టరు రాయాలి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయాలి. గ్రైండింగ్ దుమ్ము ఎలా ఉంటుందో మీ నాన్నగారిని అడగండి. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వస్తుంది. స్టోరులో ఫ్యాను ఉంటుంది, కుర్చీ ఉంటుంది.

నాకు అక్షరాలు వచ్చు. చిక్కంతా ఒకేలా కనిపించే మాటలతోనే. ఇన్‌స్పెక్టెడ్, ఎక్స్‌పెక్టెడ్. రిసీవ్డ్, రిజర్వ్డ్. అప్రూవ్డ్, ఇంప్రూవ్డ్. తీగకి కట్టిన ట్యాగు గాలికి ఊగుతుంటే అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి.

మీరు ఇంగ్లీషు చెబుతారట కదా, అందుకే మీకు రాస్తున్నాను. ఫోన్లో అడగొచ్చుగా అనుకుంటారేమో. ఫోన్లో రాస్తే తప్పుని అదే దిద్దేస్తుంది. పరీక్షలో కాగితం దిద్దదు కదా. అందుకని కాగితం మీదే రాస్తాను. తెచ్చి ఇచ్చే పనికి మీ నాన్నగారు ఒప్పుకున్నారు. "మా అమ్మాయి ఎక్కువ మాట్లాడదు గానీ, రాస్తుంది" అన్నారు.

మీ సాయం కోరుతూ,
గౌరీశ్వరి


సీతమ్మధార
ఫిబ్రవరి 11

ప్రియమైన గౌరీశ్వరి గారికి,

నాన్న చెప్పింది నిజమే. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో బ్యాంకు పరీక్షల పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. అరవై మంది ఉంటారు. నా గొంతు మూడో బెంచీ దాకా వెళ్తుంది. ఆ వెనక వాళ్లు ఫోన్లు చూసుకుంటారు. అందుకే మీ ఉత్తరం చూసి సంతోషించాను. కాగితానికి గొంతుతో పని లేదు.

మీరు పంపిన మాటల సంగతి. ఇన్‌స్పెక్టెడ్ అంటే తనిఖీ అయినది. ఎక్స్‌పెక్టెడ్ అంటే ఇంకా రావలసినది. మొదటి రెండక్షరాలు చూడండి. 'ఇన్' అంటే లోపల. లోపలికి వచ్చిన సామానునే కదా తనిఖీ చేయగలం. రిసీవ్డ్ అంటే అందినది, రిజర్వ్డ్ అంటే ఎవరికోసమో పక్కన పెట్టినది.

కానీ మాటల్ని ఇలా జంటలు జంటలుగా బట్టీ పడితే నిలవవు. మాటకి పక్కన మాట ఉండాలి. ఇకమీద వాక్యాలు పంపండి. పుస్తకంలోవి వద్దు. మీకు నిజంగా రాయవలసి వచ్చినవి పంపండి.

అభిమానంతో,
కీర్తన


ఆటోనగర్
ఫిబ్రవరి 20

ప్రియమైన కీర్తనమ్మకి,

లోపల ఉన్నదానికే తనిఖీ అన్నారు చూడండి, అది బాగా పట్టుకుంది. నిన్న పన్నెండు ట్యాగులకి పన్నెండూ చెప్పాను.

నిజంగా రాయవలసి వచ్చినవి పంపమన్నారు. పంపుతున్నాను. ఇంగ్లీషువి వేరే కాగితం మీద ఇంగ్లీషులోనే రాశాను. అవేమిటో ఇక్కడ తెలుగులో చెబుతాను. సూపర్‌వైజరు గారిని నా పని తనిఖీ చెయ్యమని అడగడం. క్రేను కదలకుండా ఆగిపోయిందని చెప్పడం. బోల్టు వదులుగా ఉందని చెప్పడం. లోపలికి రానివ్వలేదని ఫిర్యాదు. చివరిది సెలవు చీటీ. మా ఆయన డిసీజ్డ్, దయచేసి మూడు రోజులు సెలవు ఇప్పించండి, అని. అది సరిగ్గా ఉందో లేదో తప్పకుండా చెప్పండి.

మా ఆయన తవిటయ్యది ఫిషింగ్ హార్బరులో ఐసు పని. తెల్లారకుండా వెళ్లిపోతాడు. నేను పుస్తకం ముందేసుకుంటే, "ఏటే, ఈ వయసులో కలకటేరు అయిపోతావేటి?" అంటాడు. "అయితే నీసేత దండం ఎట్టించుకుంతాను" అన్నాను.

ఉంటాను మరి,
గౌరీశ్వరి


సీతమ్మధార
ఫిబ్రవరి 25

ప్రియమైన గౌరీశ్వరక్కకి,

అక్కా అనొచ్చా? అనేశాను.

వాక్యాలు వేరే కాగితం మీద దిద్ది పంపుతున్నాను. మీరు సూపర్‌వైజరు గారితో నా పనిని ఎక్స్‌పెక్ట్ చెయ్యండి అన్నారు. అంటే మీ పని కోసం ఆయన ఎదురుచూస్తూ కూర్చోవాలి. స్టేషనరీ అనే మాట రెండు రకాలు. మీరు రాసిన స్పెల్లింగు ప్రకారం మీ క్రేను ఆగిపోలేదు, పెన్నులూ కాగితాలూ అయిపోయింది! అలౌడ్ కూడా రెండు. మీరు రాసినదానికి రానివ్వడం అని కాదు, గట్టిగా అని అర్థం.

ఇక సెలవు చీటీ. డిసీజ్డ్ అంటే జబ్బుపడిన. డిసీస్డ్ అంటే చనిపోయిన. మీ ఆయన తెల్లారకుండా హార్బరుకి పరిగెత్తుతున్నారని మీరే రాశారు. కాబట్టి ఆయన మొదటిదీ కాదు, రెండోదీ కాదు. ఈ కాగితం తవిటయ్య గారి కంట పడకుండా దాచండి!

ఇలాంటివి ఇంకా పంపండి. చదువుతుంటే హాయిగా ఉంటోంది. మా సెంటరు నడిపే శ్రీనివాసరావు గారు నిన్న పిలిచి, "అమ్మా, నువ్వు చెప్పేదంతా కరెక్టే. కానీ పిల్లలకి నిద్రొస్తోంది. కాస్త నవ్వించాలి" అన్నారు. నవ్వించడం నాకు ఎవరూ నేర్పలేదు.

ప్రేమతో,
కీర్తన


ఆటోనగర్
మార్చి 16

ప్రియమైన కీర్తనమ్మకి,

అక్కా అంటే నాకేం అభ్యంతరం? సంతోషమే.

బదులు రాయడం ఆలస్యమైంది. మీ ఉత్తరాలు భోజనాల దగ్గర చదువుకుంటాం. నేను చదువుతుంటే మావాళ్లు నలుగురు పక్కన చేరతారు. క్రేను పెన్నులైపోవడం విని ఒకామెకి పొలమారింది. సెలవు చీటీ దగ్గర మీరు రాసిన ముక్క మాత్రం పైకి చదవలేదు. చనిపోయిన అన్నదానికి ఏ మాటో అంతవరకే చెప్పాను.

ఈసారి వాక్యాలు తక్కువ. పేర్లు ఇవ్వడానికి ఆఖరు రోజు మే పది అట. పరీక్ష పద్దెనిమిదిన.

మీరు బాగా తినండి. మీరు మరీ సన్నంగా ఉంటారని మీ నాన్నగారు బెంగపడుతున్నారు.

గౌరీశ్వరి


సీతమ్మధార
ఏప్రిల్ 6

ప్రియమైన గౌరీశ్వరక్కకి,

క్షమించాలి, మూడు వారాలు జవాబు ఇవ్వలేదు. పని ఎక్కువైంది. ఉదయం బ్యాచి కూడా నాకే ఇచ్చారు. ఇప్పుడు వెనక బెంచీల వాళ్లు కూడా వింటున్నారు. ఎలా కుదిరిందో ఎప్పుడైనా చెబుతాను.

పోయినసారి మీరు నాలుగు వాక్యాలే పంపారు. ఇంకా పంపండి. తప్పులుంటాయని భయపడకండి. తప్పులు ఎన్ని ఉంటే అంత మంచిది.

తొందరలో,
కీర్తన


ఆటోనగర్
ఏప్రిల్ 24

కీర్తనమ్మకి,

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి షెడ్డు ముందు అందరినీ నిలబెడతారు. పని మొదలయ్యేముందు జాగ్రత్తలు చెబుతారు. హెల్మెట్టు, చేతి తొడుగులు, అవీ. నలభై మందిమి ఉంటాం. సోమవారం మా సూపర్‌వైజరు జగ్గారావు గారు ఆ జాగ్రత్తలయ్యాక ఫోను తీసి, "ఇదిగో, ఇయాల కాసేపు నవ్వుకుందాం. మావోడు కోచింగు నుంచి పంపినాడు" అన్నారు.

ఫోన్లో ఒక అచ్చు కాగితం ఫోటో ఉంది. దాని పేరు 'స్టోర్ ఆంటీ ఇంగ్లీష్' అట. ఒక్కొక్కటే చదివారు. నా పనిని ఎక్స్‌పెక్ట్ చెయ్యండి. అందరూ నవ్వారు. పెన్నులైపోయిన క్రేను. ఇంకా నవ్వారు. ఏడోది సెలవు చీటీ. "మొగుడికి రోగం, సెలవు పెళ్లానికి!" అని ఆయన తన మాట కూడా కలిపారు. మీ నాన్నగారు అక్కడే ఉన్నారు. మొదట ఆయనా నవ్వారు. తరవాత నావైపు చూసి ఆపేశారు.

"ఎవులో గానీ ఈ ఆంటీ, దండవెట్టాల" అని ఎవరో అన్నారు.

నేను చెయ్యెత్తాను. "నానే బాబూ. అవి నాను రాసినవే" అన్నాను.

ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. జగ్గారావు గారు ఫోను జేబులో పెట్టుకుని పనికి వెళ్లమన్నారు.

మీరు వెనక బెంచీల సంగతి ఎప్పుడైనా చెబుతానన్నారు. ఇక చెప్పక్కర్లేదు.

గౌరీశ్వరి


సీతమ్మధార
మే 2

గౌరీశ్వరక్కకి,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. ఆ మాట రాసే అర్హత నాకు లేదు.

మీ ఉత్తరం నాన్న వంటింటి గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. ఎప్పుడూ నా చేతికి ఇచ్చేవారు. ఈ ఎనిమిది రోజుల్లో ఐదుసార్లు జవాబు మొదలుపెట్టాను. ప్రతిసారీ నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపించి చించేశాను. జరిగింది మాత్రం చెబుతాను.

మార్చి మొదటి వారంలో ఒకరోజు క్లాసులో ఎవరూ వినడం లేదు. మీ కాగితం నా పుస్తకంలో ఉంది. ఎక్స్‌పెక్ట్ వాక్యం బోర్డు మీద రాశాను. నవ్వారు. అరవై మంది ఒక్కసారి నవ్వితే ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు. వాళ్లు నావైపు చూశారు. నాకది బాగుంది. మర్నాడు క్రేను రాశాను. శ్రీనివాసరావు గారు అన్నీ ఒక కాగితం మీద అచ్చు వేయిద్దామన్నారు. 'స్టోర్ ఆంటీ' అన్న పేరు మాత్రం నేనే పెట్టాను. ఆయన కాదు.

మీ పేరు రాయలేదు కాబట్టి తప్పులేదనుకున్నాను. అలా అనుకున్నానని కూడా చెప్పలేను. అసలు ఏమీ ఆలోచించలేదు. తరవాతి ఉత్తరంలో ఇంకా తప్పులు పంపమని అడిగాను. అది నేర్పడానికి కాదు. అచ్చు కాగితానికి రెండో వైపు ఖాళీగా ఉంది.

మా కాన్వెంటులో పాఠం తప్పు చదివిన పిల్లని బెంచీ మీద నిలబెట్టేవారు. నన్ను ఎప్పుడూ నిలబెట్టలేదు. ఆరో తరగతి నుంచీ మిగతావాళ్లు నిలబడితే కింద కూర్చుని చూసేదాన్ని. అంత చదువూ చదివి నేను నేర్చుకున్నది అలా చూడడమే అనిపిస్తోంది.

మిమ్మల్ని నలభై మందిలో చెయ్యెత్తేలా చేశాను. మీరు ఎత్తారు. నేను మా ఇంట్లో ముగ్గురి ముందు కూడా ఎత్తలేకపోతున్నాను. నాన్న అన్నం పెట్టుకోమంటారు, అంతే.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. పరీక్ష మాత్రం మానకండి.

కీర్తన


ఆటోనగర్
మే 5

కీర్తనా,

ఇకనుంచి నువ్వు అనే రాస్తాను. కోపంతో కాదు. ఇప్పుడు చెప్పేది మీరు అంటూ చెప్పలేను.

మా గ్రైండింగ్ లైనులో ఐదుగురు ఆడవాళ్లం. ఎవరి చేతిలోనైనా ముక్క పాడైతే ఎవరు చేశారో చెప్పం. రిజెక్టు చీటీ మీద అందరిలోకీ పెద్దదాన్నని నేను సంతకం పెడతాను. మొదటినుంచీ అంతే. చిన్నవాళ్లు భయపడకుండా పని నేర్చుకుంటారు. నేను చేరిన కొత్తలో నాకోసం ఇంకొకావిడ పెట్టింది.

నీకు పంపిన వాక్యాలు కూడా అలాంటివే. అవి ఐదుగురివి. ఎక్స్‌పెక్టు నాది. క్రేను ఇంకొకామెది. నా ఒక్క పేరు మీద పంపాను. నువ్వు దిద్దినవి భోజనాల దగ్గర ఎవరివి వాళ్లకి చెప్పేదాన్ని.

సెలవు చీటీ నూకాలుది. దానికి ముప్పై మూడేళ్లు. నువ్వు నిజంగా రాయవలసి వచ్చినవి పంపమన్నావు. అది నిజంగా రాసింది. పోయిన ఏడాది ఆగస్టులో మొగుడు పోయిన మూడో రోజున రాసి ఆఫీసులో ఇచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, ఫైల్లో పెట్టేశారు. కానీ సరిగ్గా రాశానో లేదో అని దానికి ఇన్నాళ్లూ మనసులో ఉండిపోయింది. "అడగక్కా, ఆ అమ్మ సెప్తాది" అంది. నువ్వు తవిటయ్య మీద వేసిన హాస్యం నేను అందుకే పైకి చదవలేదు.

ఆ సోమవారం అది నా పక్కనే నిలబడి ఉంది. జగ్గారావు గారు ఏడోది చదివాక నా కొంగు పట్టుకుంది. అప్పుడే నేను చెయ్యెత్తాను.

మర్నాడు అది పలకా పుస్తకం తెచ్చి నాకిచ్చేసింది. "నాకొద్దక్కా ఈ సదువు. దుమ్ములోనే ఉంతాను. దుమ్ము నవ్వదు" అంది. పేరు ఇవ్వనంటోంది. రెండు నెలలుగా దానికి దగ్గు తగ్గడం లేదు. స్టోరు అందరికంటే దానికే కావాలి.

నా సంగతి అడిగితే, నీ ఉత్తరం చదివాను, నాకు చాలు. కానీ నూకాలు తరఫున నేను చాలు అనలేను. పాడైన ముక్కకి నేను సంతకం పెడతాను గానీ దీనికి నా సంతకం చెల్లదు.

పేర్లకి శనివారం ఆఖరు. నూకాలు ఉండేది పెదగంట్యాడ నీళ్ల ట్యాంకు వెనక వీధి.

గౌరీశ్వరి


సీతమ్మధార
మే 11

ప్రియమైన గౌరీశ్వరక్కకి,

బుధవారం సాయంత్రం పెదగంట్యాడ వెళ్లాను. నాన్నకి చెప్పలేదు. వీధి మొదట్లో రెండుసార్లు వెనక్కి తిరిగాను.

ఆమె కుళాయి దగ్గర నీళ్లు పడుతోంది. శివరామకృష్ణ గారి అమ్మాయినని చెప్పాను. బిందె నిండి పొర్లుతున్నా కదపకుండా నన్ను చూసింది.

"ఓహో. నవ్వించీ గుంటవి నువ్వేనేటి?"

బస్సులో కూడబలుక్కున్నవన్నీ పోయాయి. "నేనే. తప్పు చేశాను" అన్నాను.

"గౌరక్క పంపినాదా?"

"అడ్రసు రాశారు. నేనే వచ్చాను."

"దానికి మనసు మెత్తన. నాను అలగ కాదు." బిందె పక్కకి దించింది. లోపలికి రమ్మనలేదు. పొమ్మనా లేదు. తనే అంది: "జాండీసు. ఇరవై రోజులు మంచంమీద ఉన్నాడు. ఇరవయ్యొకటో రోజు పోయినాడు. నువ్వేమో ఒక మాట కరెస్టు, ఒకటి తప్పు అని దిద్దినావంట. నాకు రెండూ అయినాయి."

ఆమే మళ్లీ అంది:

"అయినా దాంట్లో తప్పు అది కాదు. నువ్వు దిద్దనేదు గానీ, నాకు తెలిసింది. పేరు రాయనేదు నాను. మొగుడు అని రాసీసి ఊరుకున్నాను. ఒట్టి మొగుడంటే ఎవులైనా నవ్వుతారు. సూరన్న అని రాసుంతే నవ్వుదురా?"

నవ్వరు అన్నాను.

"మీ కళాసులో సెప్పినావా, అది ఉత్తిది కాదని?"

"లేదు."

"ఎంతమంది?"

"అరవై."

"మా షెడ్డుకాడ నలభైమంది. అక్కడ గౌరక్క సెప్పింది. ఇక్కడ నువ్వు సెప్పాల. నా పేరొద్దు. ఆయన పేరు సెప్పు."

దగ్గు వచ్చి ఆగింది. అది తగ్గేదాకా నిలబడ్డాను. తరవాత ఆమె బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

గురువారం క్లాసులో పాఠం మొదలుపెట్టకముందే చెప్పాను. నేను ఇచ్చిన అచ్చు కాగితంలో ఏడో వాక్యం ఒకావిడ తన భర్త పోయినప్పుడు రాసిన సెలవు చీటీ అనీ, ఆయన పేరు సూరన్న అనీ, వాళ్లని నవ్వించడానికి దాన్ని నేను వాడుకున్నాననీ చెప్పాను. చెప్పడం అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

వెనక బెంచీలోంచి, "మేడమ్, వినపడలేదు" అన్నారు.

వాళ్లు ఎగతాళికి అనలేదు. నిజంగానే వినపడలేదు. మళ్లీ చెప్పవలసి వచ్చింది, గట్టిగా. సూరన్న అన్న పేరు గోడకి తగిలి నాకే వినిపించింది. నా గొంతు చివరి బెంచీ దాకా వెళ్లడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. జగ్గారావు గారి అబ్బాయి ఎవరో నాకు తెలియదు, తెలుసుకోలేదు. వాళ్ల తప్పేమీ లేదు.

శ్రీనివాసరావు గారికి కోపం వచ్చింది. "ఇదంతా సిలబస్‌లో ఉందా అమ్మా?" అన్నారు. ఆ కాగితం ఇక పంచనని చెప్పాను. ఉదయం బ్యాచి వేరేవాళ్లకి ఇచ్చేశారు. సాయంత్రానిది ఉంచారు.

ఆ మాట మీకు చేరవేయలేదు. చేరవేస్తే, ఇదిగో చేశాను కాబట్టి పేరు ఇవ్వండి అని నూకాలుతో అన్నట్టుంటుందని భయం వేసింది. శుక్రవారం గడిచింది. నిన్న శనివారం. నాన్న మామూలు వేళకే వచ్చారు. చెప్పులు విడుస్తూ, ఇన్ని రోజుల తరవాత నా ముఖం చూసి మాట్లాడారు.

"క్లాసులో చెప్పావట కదా. జగ్గారావు వాళ్లబ్బాయి ఇంట్లో చెప్పాడట. పొద్దున్న జగ్గారావు షెడ్డు ముందు అందరిలో సూరన్న పేరెత్తి క్షమించమన్నాడు. నాలుగింటికి నూకాలు స్టోరుకి వచ్చి పేరిచ్చింది."

"సంతోషపడకు, ఇంకా ఉంది" అన్నారు నాన్న. "ఇకమీద తన తప్పులు గౌరీశ్వరి పేరు మీద పంపదట. తన పేరు మీదే పంపుతుందట. నీకు ఇమ్మంది." జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. చేతికే ఇచ్చారు.

నాలుగు మడతలు పెట్టి ఉంది. పైన ఇంగ్లీషులో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, నూకాలు అని రాసి ఉంది. అక్కా, నిన్నటి నుంచీ అది నా బల్ల మీదే ఉంది. ఇంకా విప్పలేదు. రేపు పొద్దున్న నాన్న ఏడింటికి బయలుదేరతారు, ఈలోపు దిద్ది ఇవ్వాలి. పరీక్షకి ఇంక ఏడు రోజులే ఉన్నాయి. ఈ ఉత్తరం ముగించి విప్పుతాను.

సిగ్గుతో, ప్రేమతో,
మీ కీర్తన